మిల్లీవాట్లను మిల్లీవాట్లుగానే రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన నెల మీ నల్లగొండ జిల్లా పేజీలో సైన్సు ప్రదర్శన వార్త వేశారు. రోడ్డు కింద పలకలు పరిచి, మీద లారీలు పోతుంటే పుట్టే అదురుతో పట్నం మొత్తానికి కరెంటు ఇవ్వొచ్చని ఒక పిల్లవాడు నమూనా చేశాడనీ, దానికి మొదటి బహుమతి వచ్చిందనీ రాశారు. ఫోటో కూడా వేశారు. ఆ పిల్లవాడి మీద నాకు ఒక్క మాట కూడా లేదు. అట్టముక్కలతో, చిన్న బల్బులతో రోడ్డును ఎంతో శ్రద్ధగా కట్టాడు, నేను దగ్గరుండి చూశాను. నా మాటంతా ఆ వార్తలో కనపడని ఒక అంకె గురించి. పలక మీద ఒక్క లారీ పోతే ఎంత కరెంటు పుడుతుందో వార్తలో ఎక్కడా లేదు. ప్రదర్శనలో కూడా ఎవరూ అడగలేదు.

నేను మిర్యాలగూడ సాగర్ రోడ్డులో మోటర్లకు వైండింగ్ చేస్తాను. నల్లగొండలో ఐటీఐ ఎలక్ట్రీషియన్ పాసై ఇరవై ఏడేండ్లయింది. రైతుల బోరు మోటర్లు, రైసు మిల్లుల మోటర్లు వేలల్లో నా చేతిలోంచి పోయాయి. మోటరు అదురును చేత్తో పట్టి చదవడం మా పనిలో మొదటి పాఠం. స్క్రూడ్రైవరు కొన బేరింగు మీద పెట్టి, పిడి చెవికి ఆనించి వింటే లోపల గుండు అరిగిందో, గ్రీజు ఎండిందో చెప్పగలను.

అదే ప్రదర్శనలో, బహుమతి వచ్చిన బల్లకు రెండు బల్లల అవతల తొమ్మిదో తరగతి చదివే మా బిడ్డ నిలబడింది. ఆమె ముందున్నది టిఫిన్ డబ్బా అంత రేకు పెట్టె. చూడడానికి వచ్చిన పెద్దమనిషి ఒకరు అడిగారు: “దీంతో ఎన్ని ఇండ్లకు కరెంటు వస్తదమ్మా?”

“ఒక్క ఇంటికి కూడా రాదు సార్. మూడు మిల్లీవాట్లు వస్తది” అన్నది మా బిడ్డ. మిల్లీవాటు అంటే వాటులో వెయ్యో వంతు.

ఆయన చేతిలోని కాగితం మీద ఏదో రాసుకొని ముందుకు పోయారు. ఆ మూడు మిల్లీవాట్లతో ఏం చేయొచ్చో చెప్పడానికి ఆమె అప్పటికే నోరు తెరిచింది. బహుమతి రాలేదన్న బాధ నాకు లేదని అబద్ధం చెప్పను. కానీ ఇంటికొచ్చే దారిలో బస్సులో ఆమె అడిగిన మాటకే ఈ ఉత్తరం రాస్తున్నాను. “నాయినా, నేను కూడా వంద ఇండ్లకు వస్తదని చెప్పాల్సిందా?” అని అడిగింది.

ఆ పెట్టె ఎందుకు పుట్టిందో చెప్తాను. నిరుడు యాసంగిలో నేను పని చూసే ఒక మిల్లులో రాత్రి రెండు గంటలకు ఎలివేటరు పైబేరింగు పట్టేసింది. వడ్లను పైకి తోడే ఆ ఎలివేటరు తల నలభై అడుగుల ఎత్తులో ఉంటుంది. నిచ్చెనెక్కి పైకి పోయి బేరింగు మీద చెయ్యి పెట్టి చూసేవాళ్లు సీజనులో ఎవరూ ఉండరు. బెల్టు రాసుకొని కాలిన వాసన కిందికి వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు. మిల్లులో పైనంతా ఊక దుమ్ము పేరుకొని ఉంటుంది, అక్కడ నిప్పు పుడితే ఏమవుతుందో మిల్లులో పనిచేసిన ప్రతివాడికీ తెలుసు. ఆ రాత్రి నిప్పు పుట్టలేదు. మిల్లు మాత్రం రెండు రోజులు ఆగింది. బయట రోడ్డు మీద ట్రాక్టర్లు బారులు తీరాయి. రెండో రోజు సాయంత్రం అకాల వాన పడి ట్రాలీల్లో వడ్లు తడిశాయి. హమాలీలకు బస్తా లెక్కన కూలి కాబట్టి ఆ రెండు రోజులు వాళ్లకు రూపాయి లేదు.

పైన బేరింగు వేడెక్కితే కింద గంట మోగేట్టు పెట్టలేమా అని ఓనరు అడిగాడు. వేడి పట్టే సెన్సర్ చవకే. దానికి కరెంటు అందించడమే కష్టం. కింది నుంచి వైరు లాగితే ఎలుకలు కొరికేస్తాయి, ఇంతకుముందు రెండుసార్లు అట్లాగే పోయింది. సెల్లు పెడితే మార్చడం మర్చిపోతారు, పైగా రేకుల కింద ఎండాకాలం వేడికి సెల్లు కారిపోతుంది. ఈ గోలంతా ఇంట్లో అన్నం తినేటప్పుడు చెప్తుంటే మా బిడ్డ అన్నది, “పైన జల్లెడ ఎప్పుడూ ఊగుతనే ఉంటది కదా నాయినా, దాని ఊపు తీసుకోరాదా?”

ముందు మేం గ్యాస్ లైటర్ విప్పాం. టక్కుమని నొక్కితే నిప్పురవ్వ వచ్చేది లోపలి చిన్న ముక్క వల్ల. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని ఫ్రాన్సులో పియరీ క్యూరీ, ఆయన అన్న జాక్ 1880లో కనుక్కున్నారు. బజర్లలో ఉండే పళ్లెం లాంటి బిళ్లలు కూడా ఆ జాతివే. కోఠిలో నాలుగు కొనుక్కొచ్చి జల్లెడ చట్రానికి అతికించాం. మీటరు ముల్లు కదిలీ కదలనట్టు కదిలింది. ఆ బిళ్ల గట్టిది. వేగంగా, సన్నగా వచ్చే అదురుకు బాగా పలుకుతుంది. మా జల్లెడ నిమిషానికి 300 సార్లు, అంటే సెకనుకు 5 సార్లు మాత్రమే ఊగుతుంది. ఇట్లాంటి మెల్లటి ఊపు నుంచి కరెంటు తీయడం ఎంత కష్టమో అప్పటికి మాకు తెలియదు.

తర్వాత నాకు చేతనైన దారి పట్టాను, చుట్టా అయస్కాంతమూ. 1831లో ఫారడే చూపించిన సూత్రమే, నా దుకాణంలో రోజూ నడిచేదే. పాత కంప్యూటరు హార్డ్‌డిస్కుల్లోంచి గట్టి అయస్కాంతాలు పీకి, హ్యాక్సా బ్లేడు కొసకు బిగించి, పక్కన సన్న తీగతో 2000 చుట్ల కాయిల్ పెట్టాను. దుకాణంలో తిరుగుతున్న మోటరు మీద పెడితే ఎల్‌ఈడీ ధగధగా వెలిగింది. సంబరపడి మిల్లుకు పట్టుకుపోయి జల్లెడ చట్రానికి బిగిస్తే మిణుకు కూడా లేదు.

కారణం చెప్పింది మా బిడ్డకు ఫిజిక్స్ చెప్పే టీచరమ్మ. పుస్తకంలో దాన్ని అనునాదం అంటారు. నాకు మాత్రం మా నాయిన కావడి గుర్తొచ్చింది. రెండు బిందెలు వేలాడేసుకొని నడుస్తుంటే కావడి బద్ద కిందికీ పైకీ ఊగేది. నాయిన అడుగు ఆ ఊపుతో కలిస్తే బరువు తేలిగ్గా సాగేది, తప్పితే బిందెలు ఎగిరెగిరి నీళ్లు ఒలికిపోయేవి. ప్రతి బద్దకూ, ప్రతి స్ప్రింగుకూ దాని సొంత ఊపు ఒకటి ఉంటుంది. బయటి అదురు దానితో కలిస్తేనే అది బాగా ఊగుతుంది. అది తెలుసుకోవడానికి టీచరమ్మ ఒక సులువు చెప్పింది. బరువు వేలాడేస్తే స్ప్రింగు ఎంత సాగుతుందో కొలవాలి. ఒక సెంటీమీటరు సాగితే సెకనుకు దాదాపు 5 సార్లు ఊగుతుంది. 4 సెంటీమీటర్లు సాగితే రెండున్నర సార్లు. సెకనుకు ఒక్కసారే ఊగాలంటే 25 సెంటీమీటర్లు, అంటే జానెడుకు మించి సాగాలి. దుకాణంలో మోటరు తిరిగేది నిమిషానికి 1440 చుట్లు, సెకనుకు 24. దానికి సరిపోయే బ్లేడు అర మిల్లీమీటరు కూడా వంగదు. అందుకే నా మొదటి బ్లేడు మోటరు మీద పలికింది, జల్లెడ మీద మూగబోయింది.

మెల్లటి అదురుకు మెత్తటి స్ప్రింగు కావాలి, మెత్తటి స్ప్రింగుకు చోటు కావాలి. బస్సులో, వంతెన మీద, మనిషి నడకలో అదురు ఉంటుంది కానీ చాలావరకు మెల్లటిది. అగ్గిపెట్టెంత పెట్టెలో దాన్ని పట్టి ఎక్కువ కరెంటు తీయడం కుదరదు. ఇంకో దెబ్బ కూడా ఉంది. అదురు వెడల్పూ, లోపల బరువు ఊగే చోటూ అంతే ఉంచి వేగం ఒక్కటే సగం చేస్తే, చేతికొచ్చే శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. సగమైతే సగమే తగ్గుతుందని నేననుకున్నాను. టీచరమ్మ కాగితం మీద లెక్క కట్టి చూపించేదాకా నమ్మలేదు.

బ్లేడు పలుచగా, పొడుగ్గా కోసి, పెట్టెను పక్కకు తిప్పినప్పుడు కొస సరిగ్గా సెంటీమీటరు జారేలా బరువు సర్దాం. అది 50 గ్రాములకు కుదిరింది. ఈసారి పలికింది. కానీ తడి వడ్లు వచ్చిన రోజు బెల్టు జారి జల్లెడ కొంచెం మెల్లగా ఊగితే మళ్లీ పడిపోయేది. బ్లేడు ఊగే దారిలో రెండు పక్కలా ఎదురు అయస్కాంతాలు పెట్టి, దూరం జరుపుతూ జరుపుతూ పోతే ఆ తేడాను కొంత తట్టుకుంది. అటూ ఇటూ మారే కరెంటును ఒకే దిక్కుకు మళ్లించే డయోడ్ల దగ్గర ఇంకో నెల పోయింది. మామూలు సిలికాన్ డయోడు ఒక్కొక్కటి 0.7 వోల్టు దాకా మింగుతుంది, నాలుగు డయోడ్లు కలిపి కట్టే బ్రిడ్జిలో కరెంటు ఒకేసారి రెండింటి గుండా పోవాలి. వచ్చేదే రెండు మూడు వోల్టులైతే అందులో సగం అక్కడే పోతుంది. తక్కువ వోల్టు మింగే షాట్కీ డయోడ్లు తెచ్చి మార్చాక దసరా నాటికి పని కుదిరింది. 1000 ఓంల రెసిస్టరు మీద 1.7 వోల్టులు నిలబడ్డాయి. వోల్టులను వోల్టులతోనే గుణించి ఓంలతో భాగిస్తే 2.9 మిల్లీవాట్లు. మా బిడ్డ చెప్పిన మూడు అదే.

ఇంకా తెలివైనవాడు కడితే ఎక్కువ రాదా అని మీ పాఠకులు అడగొచ్చు. కొంత వస్తుంది. ఆ చట్రం ఊపు అటొక మిల్లీమీటరు, ఇటొక మిల్లీమీటరు. లోపల 50 గ్రాముల బరువు అటూ ఇటూ సెంటీమీటరు ఊగడానికే చోటుంది. ఈ కొలతలకు లెక్క ప్రకారం పైహద్దు 8 మిల్లీవాట్ల లోపే. అంతకు మించి అందులో లేదు. అడుగున నీళ్లు లేని బావిలో ఎంత మంచి మోటరు దింపినా ఏం లాభం?

ఈ మూడు మిల్లీవాట్లను మన ఊరి లెక్కలో పెట్టి చూడండి. రైతు బాయికాడ 5 హార్స్‌పవర్ మోటరుకు కావలసింది 3,730 వాట్లు. అది నడవాలంటే మా పెట్టెలు 12 లక్షలకు పైగా కావాలి. లోపల ఊగే బరువులే 62 టన్నులవుతాయి. మా పక్క దామరచర్ల మండలం వీర్లపాలెంలోని యాదాద్రి కరెంటు కేంద్రంలో ఒక్కొక్క యంత్రం 800 మెగావాట్లది. ఒక మెగావాటులో 100 కోట్ల మిల్లీవాట్లున్నాయి. తెలుగులో రెండూ ‘మ’ అక్షరంతోనే మొదలవుతాయి, మీ పేపర్లో కుదించి రాసినప్పుడు ‘మె’కూ ‘మి’కీ తేడా ఒక్క గుణింతమే. ఆ గుణింతం వెనక వందకోట్ల రెట్ల తేడా ఉందని పిల్లలకు మనం చెప్పాలి.

నడిస్తే కరెంటు వచ్చే పలకల సంగతి కూడా అంతే. 60 కిలోల మనిషి అడుగు వేస్తే పలక 5 మిల్లీమీటర్లు కుంగిందనుకుందాం. ఒక్క చుక్క కూడా వృథా పోకుండా పట్టుకున్నా వచ్చేది 3 జౌళ్లు. ఒక వాటు ఒక సెకను నడిస్తే అయ్యే శక్తే ఒక జౌలు. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు సెకనులో మూడో వంతు వెలుగుతుంది. ఒక్క యూనిట్‌కు 36 లక్షల జౌళ్లు కావాలి కాబట్టి 12 లక్షల అడుగులు పడాలి. పది టన్నుల లారీ పలకను సెంటీమీటరు కుంగదీస్తే 980 జౌళ్లు, అంటే యూనిట్‌కు దాదాపు 3,700 లారీలు. మంచి రోడ్డు లారీ కింద మిల్లీమీటరు కూడా కుంగదు, ఆ లెక్కన లారీలు పది రెట్లకు మించుతాయి. పలకను కావాలని కుంగేలా చేశామంటే, ఆ గుంతలోంచి మళ్లీ పైకెక్కడానికి లారీ తాగే డీజిల్ ఎవరిది? మనిషైతే అన్నం, లారీ అయితే డీజిల్. ఊరికే వచ్చింది అని రాసేముందు ఎవరి జేబులోంచి వచ్చిందో చూడాలి. మా జల్లెడ చట్రం అదురు మాత్రం ఎట్లాగూ నేల పాలయ్యేదే. దాన్నించి మూడు మిల్లీవాట్లు తీసుకుంటే మిల్లు కరెంటు బిల్లులో తేడా కనపడదు.

ఆ పెద్దమనిషి వినకుండా పోయిన మాట ఇక్కడ రాస్తాను, మా బిడ్డ కోసం. సెన్సర్ చూసిన వేడిని కిందికి పంపే చిన్న రేడియో చిప్పు 3.3 వోల్టుల దగ్గర 20 మిల్లీఆంపియర్లు తీసుకుంటుందనుకోండి, 66 మిల్లీవాట్లు. మా పెట్టె ఒక్కసారిగా అంత ఇవ్వలేదు. కానీ కబురు పంపడానికి సెకనులో పదో వంతు చాలు. దానికి అయ్యేది 6.6 మిల్లీజౌళ్లు. మూడు మిల్లీవాట్ల చొప్పున కెపాసిటర్‌లో కూడబెడితే రెండు మూడు సెకన్లలో ఆ మొత్తం చేరుతుంది, దారిలో సగం పోయినా అయిదు సెకన్లు. నిమిషానికొకసారి కబురు పంపినా ఇంకా మిగులుతుంది. మూటలు మోసే కూలీ రోజంతా కొంచెం కొంచెం దాచి పండుగకు ఒకేసారి ఖర్చు పెట్టినట్టు, ఆ పెట్టె అట్లా బతుకుతుంది. సెల్లు లేదు, కిందినుంచి వైరు లేదు, ఎలుకకు పని లేదు.

నవంబరులో వానాకాలం వడ్లు జోరుగా వస్తున్నప్పుడు ఒక రాత్రి కింద పెట్టిన బజరు మోగింది. ఆపరేటరు నాకు ఫోన్ చేసి, మిల్లు ఆపి, పైకెక్కి చెయ్యి పెట్టి చూశాడు. “అన్నా, పెనం లెక్క కాలుతుంది” అన్నాడు. గ్రీజు ఎండిపోయింది. అప్పటికి గ్రీజు పెట్టి, తెల్లారి బేరింగు మార్చాం. ఆగింది మొత్తం మూడు గంటలు. ట్రాక్టర్ల మీద పడుకున్న రైతులకు ఆ సంగతి తెలియనే లేదు.

ఇట్లాంటి చోట్లు మన జిల్లాలో ఎన్నో ఉన్నాయి. విష్ణుపురం దాటాక కృష్ణ మీద రైలు వంతెన ఉంది, రైలు పోయినప్పుడల్లా అదురుతుంది. ఆ అదురుతో స్టేషనులో దీపాలు వెలగవు, కానీ వంతెన ఎట్లా ఊగుతోందో చెప్పే సెన్సర్ బతకొచ్చు. చేతి ఊపుతో కరెంటు పుట్టించుకొని నడిచే గడియారాన్ని జపాన్ సీకో కంపెనీ 1988లోనే అమ్మకానికి పెట్టింది. గడియారానికి కావలసింది మైక్రోవాట్లే, అంటే మిల్లీవాటులో వెయ్యో వంతులే కాబట్టి అది నిలబడింది. కావలసింది ఎంత, వచ్చేది ఎంత, ఈ రెండూ ముందు కొలిచారు.

మీకు నా విన్నపం ఒక్కటే. అదురు నుంచో, అడుగుల నుంచో కరెంటు అని ఎవరు చెప్పినా, మీ విలేకరి ఒక్క ప్రశ్న అడగాలి: ఎన్ని ఓంల మీద ఎన్ని వోల్టులు కొలిచారు? జవాబు ఉంటే ఆ అంకెను వార్తలో వేయండి, అది ఎంత చిన్నదైనా సరే. జవాబు లేకపోతే ‘ఇంకా కొలవలేదు’ అని వేయండి. ప్రదర్శనల్లో మార్కులు వేసే పెద్దలకు కూడా ఇదే మనవి. ఎన్ని ఇండ్లకు అని అడిగితే పిల్లలు ఇండ్లే చెప్తారు. ఎట్లా కొలిచావమ్మా అని అడగండి. మా బిడ్డ దగ్గర అడ్డగీతల నోటుపుస్తకం నిండా తేదీలతో సహా జవాబులున్నాయి, పలకని రోజులవి కూడా.

బస్సులో ఆమె అడిగిన మాటకు నేను అప్పుడు జవాబు చెప్పలేదు. ఈ ఉత్తరం మీరు వేస్తే కోసి ఆమె నోటుపుస్తకంలో అంటిస్తాను. మీ విలేకరి చూడాలనుకుంటే పెట్టె ఇప్పటికీ మిల్లులో పైనే ఉంది. యాసంగి వడ్లు ఏప్రిల్‌లో మొదలవుతాయి, అప్పుడు జల్లెడ రాత్రింబవళ్లు ఆడుతుంది. నిచ్చెన ఎక్కాలి, మీటరు నేను తెస్తాను.

ఇట్లు,
ఒక మోటరు వైండింగ్ మెకానిక్,
సాగర్ రోడ్డు, మిర్యాలగూడ